డెంటల్ సీటొస్తే చేరాలా, లాంగ్ టర్మ్‌కి పోవాలా?

నీట్ ర్యాంకులు రాగానే దళితవాడల్లో ప్రతి ఏడూ ఇదే చర్చ. ఎంబీబీఎస్ కొద్దిలో తప్పిపోయిన పిల్ల బీడీఎస్‌లో చేరాలా, ఇంకో ఏడాది కోచింగ్‌లో కూర్చోవాలా? దీన్ని పిల్లల ఇష్టాయిష్టాల సంగతిగా చెప్పే కెరీర్ కౌన్సెలర్లతో మాకు పేచీ ఉంది.

ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, బీడీఎస్ ఐదేళ్లు. చదువులో తేడా ఆరు నెలలే. అసలు తేడా ఆ తర్వాత మొదలవుతుంది. ఎంబీబీఎస్ చేసినవాళ్లకు పీహెచ్‌సీ ఉద్యోగమైనా ఉంటుంది. ప్రభుత్వంలో డెంటల్ సర్జన్ పోస్టులు బహు తక్కువ. సొంత క్లినిక్ పెట్టాలంటే డెంటల్ చైర్, కంప్రెసర్, ఎక్స్‌రే మెషిన్, మెయిన్ రోడ్డు మీద షట్టర్‌కు అడ్వాన్సు కావాలి. తాకట్టుకు భూమి లేని ఇంటికి ఆ అప్పు ఎవరిస్తారు? అందుకే మనవాళ్లలో చాలామంది వేరేవాళ్ల క్లినిక్కుల్లో జీతానికి కుదురుకుంటున్నారు.

పైగా ప్రభుత్వ డెంటల్ కాలేజీలు తెలంగాణలో హైదరాబాద్‌లో ఒకటి, ఆంధ్రాలో విజయవాడ, కడపల్లో రెండు. తెలంగాణ 2022లో ఒకే రోజు 8 మెడికల్ కాలేజీలు ప్రారంభించింది కానీ డెంటల్ వైపు చూడలేదు. కాబట్టి బీడీఎస్ అంటే ఎక్కువమందికి ప్రైవేటు కాలేజీయే. అక్కడ రిజర్వేషన్ కన్వీనర్ కోటా వరకే. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలోనే.

ఎంబీబీఎస్ ఎందుకు తప్పిపోతోందో కూడా అడగాలి. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 107, 108 జీవోలతో కొత్త ప్రభుత్వ కాలేజీల్లో రాష్ట్ర వాటా సీట్లలో సగం సెల్ఫ్ ఫైనాన్స్, ఎన్నారై కోటాల కింద పెట్టింది. ఏడాదికి 12 లక్షలు, 20 లక్షలు. ప్రతి 100 సీట్లలో ఎస్సీలకు రావాల్సిన 15, ఏడో ఎనిమిదో అయ్యాయి. ఆ మిగతా ఏడెనిమిది మందే ఇవాళ డెంటలా, లాంగ్ టర్మా అని తలపట్టుకుంటున్నవాళ్లు. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. అది న్యాయమే. కానీ 15 శాతంలో ఎవరికెంత అన్న దాని మీద జరిగినంత గొడవ, ఆ 15 శాతం ఎన్ని సీట్ల మీద అన్నదాని మీద జరగలేదు.

తమిళనాడు 2020లో ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు మెడికల్, డెంటల్ సీట్లలో 7.5 శాతం కేటాయించింది. గురుకులాలు, జిల్లా పరిషత్ బడులు ఇన్ని ఉన్న మన రాష్ట్రాల్లో ఆ డిమాండ్ గట్టిగా వినబడటం లేదు.

ఈలోగా బీడీఎస్‌లో చేరేవాళ్లు ఏ తేదీలోగా జరిమానా లేకుండా సీటు వదులుకోవచ్చో నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే ఒరిజినల్స్ కాలేజీ చేతికివ్వండి.