పెళ్లి పంక్తిలో షేర్లు

నేను షేర్లు కొంటానని తెలిసినవాళ్లు పెళ్లి పంక్తిలో పనిగట్టుకుని నా పక్కనే కూర్చుంటారు. అప్పడం విరుస్తూనే "ఏది కొనమంటారండీ?" అని మొదలు. ఆ కంపెనీకి అప్పులెంత, లాభం కాగితం మీదేనా చేతికొస్తోందా అని నేను ఎదురడిగితే పెరుగన్నం దాకా కూడా ఆగరు. వారం తిరక్కుండా రెట్టింపయ్యేది కావాలి వాళ్లకి. ఆప్షన్ల మోజంతా అక్కడే ఉంది. 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారనీ, పోయింది 1.8 లక్షల కోట్ల పైమాటేననీ సెబీయే లెక్క తేల్చింది. 2024 చివర్లో కొత్త సూచీ కాంట్రాక్టుల కనీస విలువను 15 లక్షలు చేసి, వారపు ఎక్స్‌పైరీలను ఎక్స్ఛేంజీకి ఒకటి చొప్పున కుదించింది. బ్రోకర్లు నొచ్చుకున్నా, నాకైతే ఇంకా ముందే చేయాల్సిందనిపిస్తుంది. మా వీధిలో పిన్నిగారొకావిడ ఏ నెల చీటీ ఎవరు ఎంతకు పాడారో వేళ్ల మీద చెబుతుంది. అవసరం లేనిదే తను పాడదు. వాళ్లబ్బాయి మాత్రం గడువు దగ్గరపడే కొద్దీ ఆప్షన్ ప్రీమియం ఎందుకు కరుగుతుందో తెలియకుండానే రోజూ కొంటాడు. ఇక సూచీ ఓ వెయ్యి పాయింట్లు జారితే చాలు, ఇన్వెస్టర్ల లక్షల కోట్లు ఆవిరని టీవీల్లో శోకాలు. మర్నాడు పెరిగితే ఆ ఆవిరి ఎవరింట్లో కురిసిందో ఒక్క యాంకరూ చెప్పడు.