మళ్ళీ హంపీకి, పాత ఫోటోతో

హంపీని ఒకసారి చూసి వచ్చినవారికి మళ్ళీ చూడాలనిపించడం సహజం. అయితే రాళ్ళు ఎక్కడికి పోతాయిలే అనుకొని చాలామంది ఆ ప్రయాణాన్ని ఏళ్ళ తరబడి వాయిదా వేస్తుంటారు. రాళ్ళ ఊరు కూడా మారుతుందని నిరూపించే ఛాయాచిత్రాలు ఉన్నాయి.

1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే మద్రాసు సైన్యాధికారి హంపీ శిథిలాలను ఫోటోలు తీశాడు. నాటికింకా ఫిల్ము లేదు; మైనం పట్టించిన కాగితమే నెగటివ్. విఠలాలయ ప్రాంగణంలోని రాతిరథం ఆ చిత్రాలలో ఒకటి. 2017లో వచ్చిన యాభై రూపాయల నోటు వెనుక కనిపించేది ఈ రథమే. కాని గ్రీన్‌లా చిత్రంలో దానిపై ఇటుకల శిఖరం ఉంది. తరువాత అది లేకుండా పోయింది.

1983లో ఆస్ట్రేలియా ఛాయాచిత్రకారుడు జాన్ గోలింగ్స్ ఆ పాత చిత్రాలు తీసిన చోట్లను వెదకి, అక్కడే నిలిచి, అవే దృశ్యాలను ఫిల్ముపై మళ్ళీ తీశాడు. రెండింటినీ పక్కపక్కన ఉంచితే, 127 ఏళ్ళలో ఏది నిలిచిందో, ఏది పోయిందో కంటికి కనబడుతుంది.

సామాన్య యాత్రికుడు సైతం ఈ పని చేయవచ్చు. కావలసినవి రెండే: ఇంటి ఆల్బంలోని పాత ప్రింటు, ఒక ఫిల్ము కెమెరా. పాత చోటును కనుగొనడానికి సులభమైన ఉపాయం ఉంది. దగ్గరి స్తంభపు అంచు దూరపు కొండపై ఎక్కడ ఆనుతున్నదో ప్రింటులో గుర్తించాలి. కంటికి కూడా అట్లాగే కనిపించేవరకు కుడికో ఎడమకో, ముందుకో వెనుకకో జరగాలి. నీడల పొడవును బట్టి ఏ వేళ తీసినదో అంచనా వేయవచ్చు.

సాధారణంగా రోలుకు 36 చిత్రాలే. కనుక తొందరపడి మీట నొక్కడం కుదరదు. ఎండ పక్కకు తిరిగేవరకు బండపై కూర్చోవలసిందే. ఫిల్ము కడిగించేదాకా ఫలితం తెలియదు గనుక చోటు, తేదీ, వేళ చిన్న పుస్తకంలో రాసుకోవడం మంచిది.

చూడవలసినది రథమూ గోపురమూ మాత్రమే కాదు. విరూపాక్షాలయం ఎదుటి బజారు మండపాలలో ఒకప్పుడు దుకాణాలు, కాపురాలు ఉండేవి. 2011లో వాటిని ఖాళీ చేయించారు. అంతకుముందు ఆ వీధిలో కుటుంబమంతా వరుసగా నిలిచి ఫోటో దిగినవారి వెనుక ఒక అంగడి అరుగో, ఒక వాకిలి ముగ్గో పడి ఉండవచ్చు. కెమెరా పట్టినవారు దానిని గమనించి ఉండరు. ఇప్పుడు ఆ ముంగిటి జాడ ఆ ప్రింటులోనే మిగిలి ఉండవచ్చు.

అందుకే రెండవ ప్రయాణంలో రోలులోని రెండు మూడు చిత్రాలనైనా ఎవరూ ఫోటో తీయని మూలల కోసం ఉంచుకోవాలి. మూడవసారి వచ్చేది బహుశా పిల్లలు. ఎక్కడ నిలబడాలో వారికి చెప్పేవి ఆ ప్రింట్లే.