ఆకాశవాణి మాట – విజ్ఞానసర్వస్వము

ఎమ్మిగనూరు చేనేతను గూర్చి తెలుగు వికీపీడియాలో వ్రాయఁబూను సోదరీమణులకు మేమొక మాట చెప్పఁదలఁచితిమి. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన నేతగాండ్ర సహకార సంఘమును గూర్చి గ్రంథములు చెప్పును. ఇంట కండెలు చుట్టి, పడుగు సవరించిన స్త్రీల పని గ్రంథముల కెక్కుట యరుదు. ఆధారము లేని వాక్యము నచ్చటివారు తొలఁగింతురు. అట్టిచోట ఆకాశవాణి భాండాగారము తోడ్పడఁగలదు. చెన్నపురి కేంద్రము 1938లోను, బెజవాడ కేంద్రము 1948లోను వెలసినవి. ప్రసారమైన ప్రసంగము ప్రకటితమైనదే. పెరటిలో విన్న మాట యట్టిది కాదు.

అయినను మూఁడు జాగ్రత్తలు వలయును. కేంద్రము, తేది, ప్రసంగించినవారి పేరు తప్పక వ్రాయవలెను. ఆ ధ్వనిముద్రణము ఇతరులకును విన లభించునదై యుండవలెను. వక్త తన యనుభవమునకు సాక్షియే కాని, సంవత్సరములకును లెక్కలకును ప్రమాణము కాఁజాలఁడు. వానిని గ్రంథములతో సరిచూడవలెను. 1953 అక్టోబరు 1వ తేది వఱకు ఆదవాని బళ్లారి జిల్లాలోనిది. అంతకు మున్నటి ప్రసంగమున "మా బళ్లారి జిల్లా" యని వినఁబడినచో నది తప్పు గాదు. దానిని కర్నూలని దిద్దుటయే తప్పు.

తొలినాళ్ల ప్రసారములు పెక్కు ముద్రితములు గాక గాలిలోఁ గలిసిపోయినవి. మిగిలినవాని నైన విని, వ్రాసి, మన తల్లుల పనికిఁ బేరు నిలుపుదము.