హక్ ఫిన్ చేసిన పాపము

నిందించుచున్నట్లు కనబడి స్తుతించుటయు, స్తుతించుచున్నట్లు కనబడి నిందించుటయు వ్యాజస్తుతి యని ఆలంకారికులు చెప్పిరి. ఒక పద్యమునకు సొమ్మైన ఈ అలంకారమును ఒక నవలకెల్ల ప్రాణముగా నిలిపిన రచయిత మార్క్ ట్వేన్. ఆ నవల ‘హకిల్‌బెరీ ఫిన్’. నండూరి రామమోహనరావుగారి తెలుగుసేత మూలమున ఈ కథ మన బాలురకును పరిచితమే. అయినను, దానిని కేవలము సాహసకథగా చదివి విడిచిన యెడల సగమే చదివినట్లగును.

ఈ గ్రంథము 1884లో ఇంగ్లండునందును, 1885లో అమెరికాయందును వెలువడినది. బానిసత్వము 1865లోనే చట్టరీత్యా రద్దయినది. రద్దయినదానిని అధిక్షేపించుట యెందులకు? చట్టము సంకెళ్లను త్రెంచెను గాని, ఒక జాతిని మనుష్యులుగా నెంచని బుద్ధిని మార్చలేదు. 1877 పిమ్మట దక్షిణ రాష్ట్రములలో నల్లవారి హక్కులు ఒకటొకటిగా హరింపబడుచుండెను. మిస్సోరీ రాష్ట్రమున పెరిగిన ట్వేన్, బానిసత్వము దైవసమ్మతమను బోధను బాల్యమున విన్నవాడు. అతడు గురిపెట్టినది ఆ బుద్ధికే.

జిమ్ పారిపోయిన బానిస. హక్ వానితో తెప్పపై మిసిసిపీ నదిలో సాగును. పరారియైన బానిసకు తోడ్పడుట పరుల సొత్తును దొంగిలించుటయే యని నాటి నీతి. జిమ్‌ను పట్టియిచ్చుట పుణ్యమనియు, దాచుట నరకహేతువనియు హక్ నిజముగనే నమ్మును. యజమానురాలికి జాబు వ్రాయును. అంతలో జిమ్ తనయెడ చూపిన వాత్సల్యము తలపునకు రాగా, దానిని చింపివేసి నరకమునకే సిద్ధపడును. ఆ బాలుని ఆత్మనిందయే వానికి స్తుతి. వానికి అట్టి పాపపుణ్యములను నేర్పిన సంఘమునకు నింద.

సాలీ పిన్ని దయగల యిల్లాలు. స్టీమరుపై యంత్రము ప్రేలినదని హక్ కల్పించి చెప్పగా, ఎవరికైనను దెబ్బ తగిలెనా యని ఆమె యడుగును. లేదు, ఒక నల్లవాడు మాత్రము చచ్చెనని వాడనును. ఆమె ఊరట చెందును. జాబు చింపిన హక్ నోటనే ఆ మాట వెలువడుట గమనింపదగినది. క్రూరుల క్రౌర్యముకంటె సజ్జనుల యీ అమాయకత్వమే భయంకరము.

నల్లవారిని హీనపరచు ఒక మాట ఈ నవలలో 200 సార్లకు మించి వచ్చును. 2011లో అలబామాలోని ఒక ప్రచురణ సంస్థ దానిని తొలగించి, ‘బానిస’ యను పదమును నిలిపెను. తరగతిలో ఆ మాట విని నల్లజాతి విద్యార్థి నొచ్చుకొనుట సహజము; ఆ నొప్పిని త్రోసిపుచ్చరాదు. కాని ఆ మాట స్వతంత్రుడైన నల్లవానిని సయితము హీనపరచెను. దానిని ‘బానిస’గా మార్చినచో జాతిద్వేషము మరుగుపడును.

నవలయందు లోపము లేకపోలేదు. జిమ్‌కు స్వేచ్ఛ లభించినదని తెలిసియు, టామ్ సాయర్ తన వినోదమునకై వానిని బందీగానే యుంచును. అచట అధిక్షేపము సడలి జిమ్ నవ్వులాట వస్తువగును. 2024లో పెర్సివల్ ఎవరెట్ ‘జేమ్స్’ అను నవలలో ఆ కథనే జిమ్ నోట చెప్పించెను. దానికి 2025లో పులిట్జర్ బహుమానము లభించినది.

హక్ కథ చెప్పునప్పుడు పిల్లలు నవ్వుదురు. ఆ నవ్వు ఆగిన పిమ్మట ఉపాధ్యాయుడు ఒక్క ప్రశ్న వేయవలెను: హక్‌కు పాపమని తోచినది మనకేల పుణ్యముగా తోచుచున్నది? తాను పుణ్యమని నేర్చినవానిలో అన్యాయమేదో పిల్లవాడు అప్పుడు తానే వెదకుకొనును.