నవ్వుల చాటున మరుగైన విద్యార్థులు

విదేశీ చలనచిత్రాలు పూర్వం పెద్ద నగరాల్లోని కొన్ని థియేటర్లకే పరిమితమై ఉండేవి. నేడు అవి మన పిల్లల చేతుల్లోని ఫోనులోనికి ప్రవేశించాయి. పెద్దలు నిద్రించిన పిదప ఏ దేశపు చిత్రమైనా వారికి అందుబాటులోనే ఉంటుంది. కనుక ‘అది అమెరికా వారి వ్యవహారం, మనకెందుకు?’ అని తప్పుకొనే వీలు తల్లిదండ్రులకు లేదు. అటువంటి ఒక చిత్రాన్ని గురించి ఈ మాసం పాఠకులతో ముచ్చటించదలచాము. చూడమని ప్రోత్సహించడం మా ఉద్దేశ్యం కాదు. పిల్లలు ఇప్పటికే చూసి ఉంటే వారితో ఏమి మాట్లాడాలో పెద్దలకు తెలిసి ఉండాలన్నదే మా కోరిక.

ఆ చిత్రం పేరు ‘బ్యాడ్ టీచర్’. 2011 జూన్ 24న అమెరికాలో విడుదలైంది. జేక్ కాస్డన్ దర్శకుడు, కెమెరాన్ డియాజ్ ప్రధాన పాత్రధారిణి. దాదాపు 2 కోట్ల డాలర్ల వ్యయంతో నిర్మితమై, ప్రపంచవ్యాప్తంగా 21 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. పదిహేడేళ్ళ లోపు వారు పెద్దల తోడు లేకుండా దీనిని థియేటరులో చూడరాదని ఆ దేశపు చలనచిత్ర పరిశ్రమే వర్గీకరించింది. అంటే బిడ్డ పక్కన ఒక పెద్ద మనిషి కూర్చుని ఉండాలని సాక్షాత్తు అమెరికా వారే భావించారు. ఫోనులో చూసే బిడ్డ పక్కన కూర్చునేది ఎవరు?

కథ క్లుప్తంగా ఇది. ఎలిజబెత్ అనే యువతి ఒక మాధ్యమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. ధనికుణ్ణి వివాహమాడి ఉద్యోగం మానేయాలని ఆమె ఆశ. ఆ సంబంధం తప్పిపోవడంతో గత్యంతరం లేక మళ్ళీ బడికి వస్తుంది. తరగతిలో పాఠం చెప్పదు. పిల్లలకు సినిమాలు వేసి తాను బల్లపై తల వాల్చి నిద్రిస్తుంది. మద్యం, గంజాయి, అసభ్య భాష ఆమె నిత్యకృత్యాలు. సంపన్న కుటుంబానికి చెందిన ఒక సహోపాధ్యాయుణ్ణి ఆకర్షించడానికి తన శరీరానికి శస్త్రచికిత్స చేయించుకోవాలని తలచి, ఆ ధనం కోసం నానా మార్గాలు తొక్కుతుంది. వీటన్నిటినీ ప్రేక్షకుడు నవ్వుకోవడానికే అమర్చారు.

ఇంతవరకు విన్న పెద్దలు ‘ఛీ’ అని ఫోను లాగేసుకుంటారు. ఆ అసహ్యంలో తప్పు లేదు. సిగ్గును నవ్వులాటగా మార్చే వినోదం ఇంటికి మేలు చేయదు. అయితే అశ్లీలతను ఖండించి అక్కడితో ఆగిపోతే, ఈ కథలోని అసలు నేరం మన కంటబడకుండానే జారిపోతుంది.

ఆ నేరం కథ నడిమిభాగంలో జరుగుతుంది. రాష్ట్రస్థాయి పరీక్షలో అత్యధిక మార్కులు సాధించిన తరగతి ఉపాధ్యాయునికి 5,700 డాలర్ల బహుమానం ఇస్తారని ఆమెకు తెలుస్తుంది. వెంటనే సినిమాలు కట్టిపెట్టి పిల్లల చేత బలవంతంగా చదివిస్తుంది. ఫలితం చాలదని తోచినప్పుడు పత్రికా విలేఖరి వేషంలో పరీక్షల అధికారిని కలిసి, అతని పానీయంలో మత్తుమందు కలిపి, ప్రశ్నపత్రాన్ని దొంగిలిస్తుంది. ఆమె తరగతి ప్రథమ స్థానంలో నిలుస్తుంది. బహుమానం ఆమెకే దక్కుతుంది. ఆమెను అనుమానించి ఫిర్యాదు చేసిన సహోపాధ్యాయిని చివరకు తానే నిందపాలై మరో బడికి పోవలసి వస్తుంది. దొంగిలించిన ఉపాధ్యాయిని మాత్రం అదే బడిలో విద్యార్థులకు సలహాలిచ్చే పదవిలో కూర్చుంటుంది.

ఆ తరగతి పిల్లలు ఏమి నేర్చుకున్నారన్న ప్రశ్న చిత్రం అడగదు. నవ్వుతున్న ప్రేక్షకునికీ అది స్ఫురించదు. నిద్రపోయినప్పుడు ఆమెకు వారు అడ్డంకులు, బహుమానం కనబడ్డాక వారే మెట్లు. విద్యార్థులుగా మాత్రం వారు ఆమెకు ఎన్నడూ కనబడలేదు.

ఇది కేవలం కట్టుకథ అని పాఠకులు అనుకోవచ్చు. చిత్రం విడుదలైన పదకొండు రోజులకు, 2011 జులై 5న, అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు ఒక విచారణ నివేదికను బహిర్గతం చేశారు. అట్లాంటా నగరపు ప్రభుత్వ పాఠశాలల్లో 44 చోట్ల ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు కలిసి 178 మంది 2009 నాటి పరీక్షల్లో అక్రమాలకు పాల్పడ్డారని అందులో తేలింది. పిల్లలు రాసిన తప్పు సమాధానాలను రబ్బరుతో చెరిపి, ఒప్పు సమాధానాలు దిద్దిన వారు బయటి దొంగలు కారు, వారికి చదువు చెప్పవలసిన గురువులే. మార్కులు పెరిగితే ప్రశంసలు, బహుమానాలు. తగ్గితే ఉద్యోగానికే ముప్పు అన్న వాతావరణం అక్కడ నెలకొని ఉండేది. విచారణ న్యాయస్థానానికి చేరి, 2015 ఏప్రిల్ 1న పదకొండు మంది దోషులుగా నిర్ధారితులయ్యారు.

అట్లాంటాలో ఎవరూ ఈ చిత్రం చూసి చెడిపోలేదు. ఆ అక్రమాలు దానికి ముందే జరిగాయి. చిత్రంలో నవ్వు పుట్టించిన అదే మోసం నిజజీవితంలో ఎవరి బతుకును తాకిందన్నదే మేము చెప్పదలచినది. చదవడం రాని బిడ్డ కాగితంపై ఉత్తీర్ణుడయ్యాడు. వెనుకబడిన పిల్లలకు అందవలసిన ప్రత్యేక బోధన, ‘వీడికి అన్నీ వచ్చు’ అని కాగితం చెప్పినందున, వానికి అందకుండా పోయింది. వారిలో అత్యధికులు పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు. చదువు తప్ప వేరే ఆస్తి లేని ఇళ్ళ వారు.

బహుమానం ఆశ చూపితే బోధన మెరుగవుతుందా అన్నదీ అమెరికాలో పరీక్షకు నిలిచింది. న్యూయార్క్ నగరం మూడేళ్ళ పాటు పాఠశాలలకు ఐదున్నర కోట్ల డాలర్లకు పైగా బోనసులు పంచింది. పిల్లల చదువులో దాని వల్ల మెరుగుదల కనబడలేదని ర్యాండ్ సంస్థ అధ్యయనం 2011 జులైలోనే వెల్లడించగా, నగరం ఆ పథకాన్ని విరమించుకుంది.

ఇక మన ఇంటి వైపు చూద్దాం. 2022లో ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2023లో తెలంగాణలోనూ పదో తరగతి ప్రశ్నపత్రాలు వాట్సాప్ ద్వారా బయటికి వచ్చిన ఉదంతాల్లో ఉపాధ్యాయులే అరెస్టయ్యారు. ఫలితాలు వెలువడగానే టీవీలో ‘ఒకటి, ఒకటి, రెండు, మూడు’ అంటూ ర్యాంకులను గుక్క తిప్పుకోకుండా వల్లించే ప్రకటనలు మనకు కొత్త కాదు. వాటిని చూసే కదా మనం పిల్లలను చేర్పిస్తున్నాము!

బోధనలో మూడు దశాబ్దాలు గడిపిన మాకు మద్రసాలలోనూ ఇదే ధోరణి తారసపడుతూ ఉంటుంది. హిఫ్జ్ చదివే పిల్లవాని తండ్రి వచ్చినప్పుడు మొదట అడిగే మాట ‘ఎన్ని పారాలు పూర్తయ్యాయి?’ అన్నదే. పాత పాఠం ఎంత గట్టిగా నిలిచిందని అడిగేవారు బహు అరుదు. లెక్కే అడుగుతూ ఉంటే, లెక్కే చూపించే ఉస్తాదు తయారవుతాడు. ఆమోఖ్తా వెనుకబడిపోతుంది, కొత్త సబఖ్ మాత్రం పరుగులు తీస్తుంది. రెండేళ్ళ తరువాత బిడ్డ తడబడినప్పుడు నింద ఆ బిడ్డపైనే పడుతుంది.

బోధన అమానతు అని మనం తరచుగా అంటాము. ఆ అమానతు అప్పగించిన సొత్తు బిడ్డే గాని మార్కుల పట్టిక కాదు. సొత్తును అప్పగించిన వారు దాని క్షేమాన్ని విచారించాలి కదా. బడికి వెళ్ళినప్పుడు తల్లిదండ్రులు ర్యాంకుకు ముందు మరికొన్ని మాటలు అడగాలని మా మనవి. మా బిడ్డ తరగతిలో ప్రశ్నలు అడుగుతున్నాడా? అర్థం కానిది ఏది? అందుకు మీరేం చేస్తున్నారు, ఇంట్లో మేమేం చేయాలి? ఇలా అడిగే తల్లిదండ్రుల ముందు నిజాయితీ గల ఉపాధ్యాయునికి బలం చేకూరుతుంది. తక్కువ మార్కులను తక్కువ మార్కులుగానే చెప్పే ధైర్యం అతనికి వస్తుంది.

ఇంట్లో యుక్తవయసు పిల్లలు ఈ చిత్రం చూసినట్టు తెలిస్తే కేకలు వేసి ఫోను దాచేయడంతో సరిపెట్టవద్దు. అందులోని అసభ్యత ఎందుకు తగనిదో స్పష్టంగా చెప్పండి. పిదప కూర్చోబెట్టుకుని, ‘ఆ తరగతిలో నీవు విద్యార్థివై ఉంటే ఏడాది చివర నీకు ఏమి మిగిలేది?’ అని అడగండి. తొందరపెట్టకుండా వారి జవాబు వినండి. ఆ సంభాషణలోనే తమ బడిలో జరుగుతున్న సంగతులు కూడా వారు మీకు చెప్పవచ్చు. వినడానికి సమయం ఉంచుకోండి.