ఆ చాక్లెట్ ఏ తోటదో అడగండి!

ఏలూరు, విజయవాడ, రాజమండ్రి పట్టణాల్లో చాక్లెట్ తినే, పిల్లలకు కొనిపెట్టే అమ్మలకు, అయ్యలకు మనవి.

దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం మనదే. పెదవేగి, కామవరపుకోట, ద్వారకా తిరుమల వైపు వెళ్తే కొబ్బరి నీడన, పామాయిల్ నీడన మొదలుకే అంటుకుని కాసిన కాయలు కనిపిస్తాయి. ఉడతలూ, ఎలుకలూ, టీ దోమా, నల్లకాయ కుళ్లూ పోగా మిగిలిన కాయే రైతుది. ధర మాత్రం లండన్, న్యూయార్క్ మార్కెట్లలో పుడుతుంది. పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతిని 2024 డిసెంబరులో టన్ను 12 వేల డాలర్లు దాటింది. ఆ ఊపు చూసి ఆశపడ్డ మన రైతు మరుసటి ఏడాదే గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కాడు. చివరికి ప్రభుత్వమే కిలోకు 50 రూపాయలు కలిపి 500 ఇప్పించాల్సి వచ్చింది. ప్రతి ఏడూ ఇలా సర్కారు ఆదుకోవాలంటే అయ్యే పనేనా?

రైతుకు కావలసింది ఇంకో బేరగాడు. అంటే మన తెలుగు రాష్ట్రాల్లోనే గింజ కొని, ఇక్కడే చాక్లెట్ చేసే చిన్న తయారీదారు. ఆ బేరగాడు ఎందుకు వేరో తెలియాలంటే గింజ సంగతి వినాలి.

కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో ఉన్న పచ్చి గింజలను చెక్కపెట్టెల్లో పోసి అరిటాకులు కప్పుతారు. గుజ్జు పులుస్తుంది. లోపలి వేడి 45 డిగ్రీలు దాటుతుంది. మధ్యమధ్య తిరగబోస్తూ ఐదారు రోజులు ఓపిక పట్టాలి. ఆ తర్వాత తేమ 7 శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి. చాక్లెట్ రుచికి పునాది పడేది ఈ పెట్టెల్లోనే. ఇక్కడ పులియని గింజను ఫ్యాక్టరీలో ఎంత వేయించినా ఆ కమ్మదనం రాదు. రెండు రోజులకే తీసి ఎండబోస్తే వగరు పోదు. మంచి గింజకూ వగరు గింజకూ ఒకటే రేటు కడితే ఏ రైతు వారం ఆగుతాడు? గింజ నాణ్యత చూసి ధర కట్టాల్సిన అవసరం చిన్న తయారీదారుకు ఉంది, ఎందుకంటే అతని చాక్లెట్‌లో రుచంతా గింజదే. 2023లో హైదరాబాద్‌లో దుకాణం తెరిచిన ‘మనం చాక్లెట్’ పేరు తెచ్చుకున్నది ఉమ్మడి పశ్చిమ గోదావరి గింజతోనే.

అన్నట్టు, అమెరికాలో చిన్న చాక్లెట్ కార్ఖానాలు మొదలైనప్పుడు కోకో రుబ్బుకోవడానికి చాలామంది వాడింది ఇడ్లీపిండి రుబ్బే మన గ్రైండర్నే! కొద్దిగా మార్చుకుని రోజుల తరబడి ఆపకుండా తిప్పారు. రాయి మనది, గింజ మనది, తినే నోరు మనది. మరి చాక్లెట్ మనది కాకపోవడమేమిటి?

ఖరీదెక్కువ కదా అంటారు. నిజమే, ఎక్కువే. కానీ లెక్క చూడండి. 70 శాతం కోకో ఉన్న 60 గ్రాముల బార్‌కు, పొట్టు తరుగు కలిపినా సుమారు 55 గ్రాముల ఎండుగింజ పడుతుంది. పైన చెప్పిన కిలో 500 చొప్పున చూసినా రైతుకు దక్కేది 30 రూపాయల లోపే. బార్ ఖరీదైనంత మాత్రాన ఆ డబ్బు రైతుకు చేరినట్టు కాదు. అందుకే అట్ట మీద తోట బొమ్మ చూసి మురిసిపోకండి. ఏ ఊరి గింజ? రైతుకు బజారు రేటు మీద ఎంత ఎక్కువిచ్చారు? మొహమాటపడకుండా అడగండి. నీళ్ళు నమిలేవాడి దగ్గర కొనకండి.

అట్ట వెనక చిన్నక్షరాలూ చదవండి. ‘కాంపౌండ్’ అనో, ‘హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్’ అనో ఉంటే కోకో వెన్నకు బదులు వనస్పతి జాతి కొవ్వు కలిపారని అర్థం. కేకుల మీద పూసేది చాలాచోట్ల ఇదే. ఆ కొవ్వుతో కోకో రైతుకు ఒరిగేదేమీ లేదు.

బేకరీ యజమానులారా! ఒక్క రకం కేకుకైనా మన గింజతో చేసిన చాక్లెట్ వాడండి, ఆ సంగతి బోర్డు మీద రాయండి. పెళ్ళిళ్ళకు, పుట్టినరోజులకు చాక్లెట్ డబ్బాలు పంచేవారు ఈసారి ఆర్డరు ఇక్కడి తయారీదారుకే ఇవ్వండి.

ఈ కాగితం చదివి పారేయకండి. మీరు కేకు కొనే బేకరీ కౌంటరు మీద పెట్టి రండి.

ఇట్లు,
కోకో రైతులు, వారి మేలు కోరేవారు