హక్కుల కార్యకర్తల ఇళ్లపై ఎన్‌ఐఏ సోదాలను ఖండిస్తున్నాం

విజయవాడ, ఏప్రిల్ 2021:

ముంచంగిపుట్టు కేసు పేరిట మార్చి 31 సాయంత్రం నుంచి ఏప్రిల్ 1 వరకు రెండు తెలుగు రాష్ట్రాల్లో 31 చోట్ల జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) జరిపిన సోదాలను మా సంఘం తీవ్రంగా ఖండిస్తోంది. హక్కుల కార్యకర్తలు, న్యాయవాదులు, రచయితల ఇళ్లలో సోదా చేసి సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, పెన్‌డ్రైవ్‌లు, సీడీలు పట్టుకుపోయారు. 2020 నవంబరులో విశాఖ మన్యంలో ఒక విలేకరి అరెస్టుతో మొదలైన కేసు ఇది. మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ 64 మందిపై చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) మోపారు.

హక్కుల సంఘాల పని ఏమిటో కృష్ణా డెల్టాకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను నరికి చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. అప్పుడు ఊరికి వెళ్లి నిజాలు రాసింది, ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టేదాకా బాధితుల వెంట నిలిచింది ఈ సంఘాలే.

పౌర సంఘాలపై ఇలాంటి కేసులు పెట్టే తీరు ఈజిప్టులోనూ చూశాం. అధ్యక్షుడు ముబారక్ పతనం తర్వాత, 2011 డిసెంబరులో అక్కడి స్వచ్ఛంద సంస్థలపై దాడులు చేశారు. ప్రజాస్వామ్య శిక్షణ ఇస్తున్న దేశ, విదేశీ సిబ్బంది 43 మందిపై కేసు పెట్టారు. ఏటా 130 కోట్ల డాలర్ల సైనిక సాయం చేసే అమెరికా ఒత్తిడి తేగానే ప్రయాణ నిషేధం ఎత్తేశారు. 2012 మార్చి 1న విదేశీయుల్లో చాలామంది విమానమెక్కి వెళ్లిపోయారు. ఈజిప్షియన్ సిబ్బంది మాత్రం బోనులో మిగిలారు. 2013 జూన్‌లో అందరికీ శిక్షలు వేశారు. 2018 డిసెంబరులో పునర్విచారణ జరిపిన కోర్టు 40 మందిని నిర్దోషులుగా వదిలేసింది.

మన్యం విలేకరికి ఏ రాయబార కార్యాలయమూ అండ రాదు. ఉపా, విదేశీ విరాళాల నియంత్రణ (ఎఫ్‌సీఆర్‌ఏ) చట్టాల ప్రయోగంపై ఐక్యరాజ్య సమితి మానవహక్కుల హైకమిషనర్ 2020 అక్టోబరులో ఆందోళన తెలిపితే, మానవహక్కుల సాకుతో చట్ట ఉల్లంఘనను ఉపేక్షించలేమని మన విదేశాంగ శాఖ కొట్టిపారేసింది. మరి ఉపా లెక్కే చూద్దాం. 2016 నుంచి 2019 వరకు ఉపా కింద 5,922 మందిని అరెస్టు చేస్తే, శిక్ష పడింది 132 మందికి. 2021 ఫిబ్రవరిలో హోం శాఖ సహాయ మంత్రి జి. కిషన్‌రెడ్డి రాజ్యసభకు చెప్పిన లెక్క ఇది. నేరం రుజువు కాకుండానే ఏళ్ల తరబడి జైల్లో పెట్టడం చట్టబద్ధ పాలన అనిపించుకోదు.

మా డిమాండ్లు:

1. హక్కుల కార్యకర్తలపై ముంచంగిపుట్టు కేసును బేషరతుగా ఎత్తివేయాలి.
2. తీసుకెళ్లిన ఫోన్లు, కంప్యూటర్లు వెంటనే తిరిగి ఇవ్వాలి.
3. ఉపాను రద్దు చేయాలి.

విజయవాడ, గుంటూరు, తెనాలి, గుడివాడ, బందరులలోని న్యాయవాదులు, రచయితలు, విద్యార్థి, కార్మిక సంఘాలు ఈ దాడులను ఖండించాలని, బాధిత కుటుంబాలకు అండగా నిలవాలని విజ్ఞప్తి చేస్తున్నాం.

— కార్యవర్గం